కుడి చక్రం మీద అత్త

“ఇంకొంచెం అటు జరగండి అత్తయ్యా. చక్రం మళ్ళీ జారుతోంది.”

“జరగడానికి ఇదేమైనా పట్టెమంచమా? కింద రేకు, పైన ఎండ, మధ్యలో నా ఎముకలు!”

ట్రాక్టరు నడిపేది కోడలు. కుడి మడ్‌గార్డు మీద కూర్చునేది అత్త. కొడుకు పాలకేంద్రంలో ఉద్యోగి, ట్రాక్టరంటే అతనికి దడ.

పల్లపు పొలంలోకి దిగితే చాలు, కుడి చక్రం బురదలో ఉన్నచోటే గిరగిరా తిరిగేది. అత్త ఎక్కి కూర్చుంటే ఆ బరువుకి పట్టు దొరికేది. మామ ఉండగా ఈ గొడవ లేదు. ఆయనతోపాటే చక్రానికీ పట్టు పోయింది. ఆరేళ్ళుగా ఇదే వరస.

అంత ఎత్తున కూర్చున్న మనిషి ఊరుకుంటుందా? “ఎడమకి కొట్టు. మరీ అంత ఎడమకి కాదు. కళ్ళు నెత్తికెక్కాయా?” దారిన పోయేవాళ్ళందరినీ పైనుంచే పలకరించేది. గోడలవతల ఎవరి పెరట్లో ఏం జరుగుతోందో చూసుకుంటూ వెళ్ళేది. ఇల్లు చేరాక మాత్రం నడుం పట్టుకుని మూలుగు.

“మీ మామతో ముప్పై ఏళ్ళు కాపురం చేశానే. ఆయన కూడా ఇంతలా కుదిపి చంపలేదు!”

చేతిలో ఎప్పుడూ మాత్రల సంచి. అది లేకుండా గడప దాటదు.

కోడలికి జాలేసింది. నిజంగానే. చెవులు కూడా నొప్పెడుతున్నాయి, అది వేరే సంగతి. చక్రానికి కాంక్రీటు దిమ్మ బిగిస్తే సరిపోతుందని మెకానిక్‌ని పిలిచింది.

అతను చక్రం చుట్టూ ఒకసారి తిరిగాడు.

“బరువు కోసం టైర్లలో నీళ్ళు నింపిస్తారు కదా, మీరు నింపించలేదా?”

“మా ఆయన ఎప్పుడో నింపించాడు, రెండింటికీ” అంది అత్త టక్కున. “ఆయన పనికి వంక పెడతావా?”

పోయినవాడి పనికి వంక పెట్టేంత ధైర్యం మెకానిక్‌కి లేదు.

“సరే, దిమ్మ ఎంత బరువుండాలి?”

“అత్తయ్యంత” అంది కోడలు.

“పెద్దమ్మ ఎంత?”

“యాభై” అంది అత్త.

బస్తాలు తూచే కాటా ఎక్కిస్తే డెబ్భై రెండు చూపించింది.

“చేతిలో సంచి ఉందిగా మరి!”

“ఇరవై రెండు కిలోల మాత్రలా పెద్దమ్మా?”

కోడలు బట్టలుతికే తొట్టి తెచ్చింది. బోల్టులు నిలబెట్టి, ఇసుక, కంకర, సిమెంటు కలిపి పోసింది. ఆరకముందే మెకానిక్ మేకుతో దాని మీద ‘అత్త’ అని గీశాడు.

అత్త ఆ అక్షరాలకేసి చాలాసేపు చూసింది.

“నోరు లేని అత్త. మీకు కావలసింది ఇదేగా!” అని విసవిసా లోపలికి వెళ్ళిపోయింది.

వారం రోజులు తడిపి దిమ్మని గట్టిపరిచారు. ఈలోపు మబ్బులు దిగాయి. రెండు రోజుల్లో పల్లపు పొలం దున్నకపోతే ఆ ఏటికి అక్కడ విత్తనం పడదు. మెకానిక్ దిమ్మని జాకీతో ఎత్తి, నాలుగు నట్లూ బిగించి వెళ్ళాడు.

ఆ రోజు చక్రం ఒక్కసారి కూడా జారలేదు. సగం పొలం అయిపోయింది. ఎడమకి కొట్టమన్నవాళ్ళు లేరు, కుడికి కొట్టమన్నవాళ్ళు లేరు.

సాయంత్రం కోడలు ఇంటికొచ్చేసరికి అత్త గోడకేసి చూస్తూ కూర్చుని ఉంది.

“నడుం ఎలా ఉంది అత్తయ్యా?”

“దానికేం, రాయిలా ఉంది. దార్లో ఎవరెవరు కనిపించారు?”

“నేను చూడలేదండీ.”

“చూడలేదా! మరి ఎందుకెళ్ళినట్టు?”

మర్నాడు పొద్దున్న చూస్తే దిమ్మ నేల మీద రెండు ముక్కలై ఉంది. ‘అ’ ఒకవైపు, ‘త్త’ ఒకవైపు. నట్లు నాలుగూ ఊడి పక్కనే పడి ఉన్నాయి.

కోడలు నెత్తి కొట్టుకుంది. “సరిగ్గా బిగించి చావలేదు వాడు! వాన నెత్తి మీదుంది, ఇప్పుడు నేనేం చెయ్యను?”

“ఏం చేస్తావు? నా ఖర్మ ఎక్కడికి పోతుంది!”

కోడలు తలెత్తి చూసింది. అత్త అప్పటికే మడ్‌గార్డు మీద ఉంది.

“పోనియ్యి ఇంక. ఎడమకి, ఎడమకి కొట్టవే. అబ్బా, నా నడుం!”

ట్రాక్టరు గేటు దాటుతూ ఎగిరిపడింది. అత్త ఒళ్ళో సంచి ఖంగుమంది.

అందులో ఒక్క మాత్ర కూడా లేదు గానీ, నట్లు విప్పిన స్పానరూ, దాని పక్కనే, మామ పోయిన మూడో నెలలో తను కుడి టైరులోని నీళ్ళన్నీ వదిలేసి గాలి నింపినప్పుడు వాల్వు విప్పిన చిన్న రెంచీ ఉన్నాయి.