నాలుగో సబ్బు

“బద్వేలు బస్సు పదింటికి. ఆ లోపల నీ మొగానికి వేరే సబ్బు చూసుకో. లేకుంటే నేను ఎక్కి పోతా.”

రాజంపేట బస్టాండు ముందర బట్టల సంచితో నిలబడి మధులత ఆ మాట అనేసరికి ఉమామహేశ్ చుట్టూ చూశాడు. నాలుగు రోజులుగా ఇదే రగడ. మంగంపేట ముగ్గురాయి గనిలో లారీ తోలే మనిషి, దుమ్ము గడ్డంలో ఇరుక్కుంటుందని రోజూ గీసుకుంటాడు. పెళ్లయిన ఆరేళ్లలో ఏనాడూ వంక పెట్టని ఆ గంధపు గడ్డం సబ్బు ఇప్పుడామెకు కుళ్లిన గుడ్డు వాసన కొడుతోందట. ఆడమనిషి ముక్కుతో వాదం పెట్టుకుని గెలిచిన మగాడు రాజంపేటలోనే లేడు. ఇక ఉమామహేశ్ ఎంత?

ఎదురుగా ఓబుళేశు సెలూన్ కనబడింది. పరుగున వెళ్లి కుర్చీలో కూలబడ్డాడు.

“అన్నా, నీకాడుండే గడ్డం సబ్బులన్నీ తీయి. ఏదో ఒకటి మా ఇంటామెకు నచ్చాల. లేకుంటే నా కాపురం పదింటి బస్సులో పోతాది.”

ఓబుళేశు నవ్వలేదు. అరవై దాటిన మనిషి, సబ్బుల మాటొస్తే ఆయనకు నవ్వులాటలుండవు. అద్దం కింద నాలుగు గిన్నెలు వరసగా పెట్టాడు.

“ఇది నిమ్మకాయది, ముప్పై రూపాయలు. నురగ బుసబుసా వస్తాది గానీ నిలబడదు. రెండు మాటలు మాట్లాడేలోపల ఆరిపోతాది. ఇది పిప్పరమెంటుది, యాభై. ఎండాకాలంలో ప్రాణం లేచొస్తాది. ఇదేమో వట్టివేర్లది, నూటిరవై. రేటు చూసి దడుచుకోవద్దు, ఒక్క బిళ్ల ఆర్నెల్లొస్తాది. నురగ మీగడ మాదిరి పట్టుకుంటాది, కత్తి దానంతటదే జారుతాది.”

“రేటు సంగతి నాకెందుకన్నా. వాసన ఏది మంచిదో చెప్పు.”

“చెప్పాల్సింది నేనా? ఆ యమ్మ కదప్పా.”

ఓబుళేశు వేడినీళ్లలో ముంచిన బ్రష్షును నిమ్మకాయ సబ్బు మీద గిరగిరా తిప్పి, అతని రెండు చెంపలకూ దట్టంగా పట్టించాడు. మెడకు కట్టిన తెల్లగుడ్డతోనే ఉమామహేశ్ రోడ్డు దాటాడు. టీ బంకు దగ్గర జనం గ్లాసులు పట్టుకుని అట్లాగే చూస్తుండిపోయారు. ఇంకా ఆరడుగుల దూరం ఉండగానే మధులత చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దు. గిన్నెలు తోమే పొడి మాదిరుండాది.”

మొగం కడుక్కుని రెండోది పట్టించుకుని వచ్చాడు.

“మోకాళ్ల నొప్పులకు పూసే మందు.”

మూడోదానితో వచ్చాడు. వట్టివేర్ల వాసనకు బంకు దగ్గర ముసలాయన కూడా తలెత్తి ఆహా అన్నాడు. మధులత మాత్రం రెండడుగులు వెనక్కి వేసింది.

“తడిసిన గోనెసంచి.”

“ఏమప్పా, సబ్బు మార్చేది కాదు, మొగమే మార్చాల్సి ఉండాది,” అన్నాడు బంకు దగ్గర ఒకడు. అందరూ గొల్లుమన్నారు.

ఉమామహేశ్ వాళ్ల వైపు చూడలేదు. నురగ మొగంతోనే అడిగేశాడు. “మధూ, నిజం చెప్పు. నీకు సబ్బు గిట్టడం లేదా, నేనే గిట్టడం లేదా?”

మధులత కళ్లలో నీళ్లు తిరిగాయి. “నాకేం తెలుసు? నువ్వు పక్కనుండాలనే ఉండాది. పక్కకొస్తే ఓర్చుకోలేకపోతాండా. పిచ్చి పడతాదేమోనని భయమైతాంది. అందుకే నాల్గు దినాలు మా అమ్మకాడ ఉండొస్తానంటాండా.”

అంతలో మైకులో బద్వేలు బస్సు పేరు పిలిచారు. ఉమామహేశ్ మళ్లీ సెలూన్లోకి ఉరికాడు.

“ఇంకొకటి ఉండాది గదన్నా, అది పూయి.”

“అది దద్దుర్లొచ్చేవాళ్లకని తెప్పించినాను. నురగ అంతంతమాత్రమే. దాంట్లో ఏ వాసనా కలపరు.”

ఉమామహేశ్ గిన్నెను ముక్కుకు ఆనించుకున్నాడు. మంచినీళ్లను వాసన చూసినట్టే ఉంది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి అతనికి ఊపిరాడింది. ఇక దేవుడు నా పక్కనే ఉన్నాడనుకుంటూ పలచని నురగతో బయటికి నడిచాడు. ఈసారి ఓబుళేశు కూడా గడప దాకా వచ్చి నిలబడ్డాడు. మధులత తనే ఎదురొచ్చింది. ఆమెకూ ఉండాలనే ఉంది పాపం. ఒక్క అడుగు దూరంలో ఆగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“ఇది అన్నిటికంటే ఘోరంగా ఉండాది.”

బస్సు వచ్చి ఆగింది. ఉమామహేశ్ తిరిగొచ్చి కుర్చీలో పడ్డాడు. “గీసెయ్యన్నా. పోయేటప్పుడన్నా నున్నటి మొగం చూసి పోనీ.”

ఓబుళేశు కత్తి తెరిచాడు. చెంప దాకా తెచ్చి ఆగాడు. వీధిలో నిలబడిన మధులతను ఒకసారి, నాలుగో గిన్నెను ఒకసారి చూశాడు. కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. తడిగుడ్డతో ఉమామహేశ్ మొగమ్మీది నురగంతా తుడిచేసి, మెడకు కట్టిన గుడ్డ విప్పాడు.

“ఏమన్నా? గీయకుండానే లేపుతాండావు?”

“ముందు పోయి ఆ సంచి నువ్వు పట్టుకో. బరువులు మోయనియ్యొద్దు,” అన్నాడు ఓబుళేశు మెల్లగా. “కడుపుతో ఉండే ఆడమనిషి మొగునికి మేం గడ్డం గీయమప్పా.”