అద్దానికి అవతల

తొమ్మిదో అంతస్తు కిటికీ బయట తాడుకి వేలాడుతూ తమ్ముడు అద్దం మీది నురగ తుడిచేసరికి, లోపల అక్క కనిపించింది. దాక్కుందామంటే చోటు లేదు. కాళ్ల కింద ఉన్నదంతా గాలే.

అక్క పరిగెత్తుకొచ్చి పక్కనున్న చిన్న కిటికీ రెక్క తీసింది.

“ఇంటర్వ్యూ అన్నావు కదరా!”

“ఇదే అక్కా. ఇవాళ ట్రయల్. మీ ఆఫీసు వెనకవైపు ఇదేనని నాకేం తెలుసు?”

పక్క తాడు మీదున్న మేస్త్రీ చెవులు రిక్కించాడు. పనిలోకి తీసుకోవాలో వద్దో తేల్చేది ఆయనే. ఆయన ముందు ధైర్యవంతుడిలా కనబడాలని తమ్ముడు పొద్దున్నుంచీ ఈల వేస్తూనే ఉన్నాడు.

“నిజం చెప్పు. భయం వెయ్యట్లేదూ?” అంది అక్క.

గాలి విసిరింది. తాడు ఊగింది. తమ్ముడు తాడుని రెండు చేతులా పట్టుకున్నాడు.

“చచ్చేంత భయంగా ఉందక్కా. కానీ... రబ్బరు పట్టీ పెట్టి కిందికి ఒక్క లాగు లాగితే అద్దంలోకి ఆకాశం వచ్చేస్తుంది. మానేసిన ఉద్యోగాల్లో ఒక్కరోజు కూడా నాకు ఇంత బాగోలేదు.”

ఈ పని కూడా పోయినట్టేననుకుని కళ్లు మూసుకున్నాడు.

“హమ్మయ్య!” అన్నాడు మేస్త్రీ. “నీ ఈల విని, వీడికి భయం లేదు, ఇంటికి పంపేద్దామనుకున్నా. భయం లేనివాడు ముడి రెండోసారి చూసుకోడు. రేపు కూడా రా.”

అక్క చెయ్యి బయటికి చాపి, వాడి నడుముకున్న బెల్టు గట్టిగా లాగి చూసింది.

“బాగానే బిగించుకున్నావు. సాయంత్రం అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో.”

అమ్మ పేరు ఎత్తగానే వాడు ముడి రెండోసారి చూసుకున్నాడు.