కిక్కు లేని ఇంజను

"కిక్కు కొట్టేది వద్దు మాల్యాద్రీ. తాడు లాగితే అందుకునేది కావాల" అన్నాడు పద్మనాభయ్య.

మాల్యాద్రి చేతులు తుడుచుకుంటూ షెడ్డు ముందున్న బండిని చూశాడు. నాలుగు బుల్లి చక్రాలు, నేలకు జానెడు ఎత్తులో ఇనప చట్రం, ఒకే ఒక సీటు. మద్రాసులో ఎవరో గొప్పింటి పిల్లలు పందేలాడి విసుగుపుట్టి వదిలేసిందట. పాత ఇనుము కొట్టులో కనబడితే పద్మనాభయ్య కొని, రైల్లో గూడూరు దాకా, అక్కణ్ణించి ఎడ్లబండి మీద కోట ఊరి దాకా తెచ్చాడు. ఇంజను లేదు. ఇరుసుకు చైను కూడా లేదు.

కోటలో మోటారు పనంటే మాల్యాద్రే. అతని దగ్గర రెండు ఇంజన్లున్నాయి. ఒకటి లారీ గుద్దిన స్కూటరుది. రెండోది నీళ్లు తోడే చిన్న పంపుది.

"స్కూటరుదైతే గాలి మాదిరి పోతాది. పిల్లోళ్లకు అదే గదా ముచ్చట."

"అది గాలి మాదిరి పోతే ఇక్కడ నా గుండె ఆగిపోతాది. రెండోది ఎట్టుంటాది?"

"ఎద్దు మాదిరి. బలమే గాని పరుగుండదు. తాడు లాగితే చాలు."

"అదే పెట్టు."

మాల్యాద్రికి కొంచెం చిరాకేసింది. ఇంత భయమున్న మనిషి బండెందుకు కొన్నట్టు? అయినా పళ్లచక్రాలు తెచ్చి ముందు పోశాడు. పద్మనాభయ్య ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"మా ఊరి దోవంతా ఇసక. దిగబడకుండా లాగాల."

"అయితే ఇరుసుకు ఈ పెద్దది వేద్దాం, ఇంజను దిక్కు చిన్నది. నిదానంగా పోతాది, ఇసకలో గూడా లాగతాది. ఒకవేళ దిగబడినా, దిగి ఒక తోపు తోస్తే సరి."

"దిగేది కుదరదు."

మాల్యాద్రి తలెత్తి చూశాడు. ఇదెక్కడి గారాబమనుకున్నాడు.

"బ్రేకు కాలి కిందనే ఉండనీనా?"

"వద్దు. ఏదైనా సరే, చేత్తోనే ఉండాల."

ఈసారి మాల్యాద్రి చేతిలో స్పానరు కదల్లేదు. "కాళ్లు..." అని ఆగిపోయాడు.

పద్మనాభయ్య తల వంచుకున్నాడు. "నిలబడి రెండేళ్లయింది. ఎత్తుకొని తీసకపోతామంటే ఏడుపు. ఎడ్లబండిలో కూర్చోబెడతామంటే కోపం. ఎవురూ పట్టుకోకుండా, తనంతట తానే పోవాలంట. యాడికో కాదు, మా పొలం కాడికే. నెల్లాళ్లుగా సరిగ్గా అన్నం ముట్టింది లేదు. ఎప్పుడు చూడు, ముఖం గోడవైపే. మందులిస్తా ఉండాను గాని, బతకాలని ఉంటేనే అవి పనిచేస్తాయని డాక్టరు చెప్పేసినాడు."

మాల్యాద్రి ఒక పీట జరిపి కూర్చోమన్నాడు.

"వయసెంతండీ?"

"వయసుదేముందిలే, మొండితనం ముందు. మాల్యాద్రీ, ఊళ్లో ఎవురితోనూ అనబాక. నవ్వుతారు."

"నవ్వితే వాళ్ల నోట్లో గ్రీజు పెడతా."

ఆ వారమంతా మాల్యాద్రి వేరే పని ముట్టలేదు. ఇంజనుకూ చైనుకూ మధ్య ఒక బెల్టు వేసి, పక్కన చేతికందేలా కర్ర అమర్చాడు. పద్మనాభయ్య వచ్చినప్పుడు దాన్ని ఆడించి చూపించాడు.

"కర్ర ముందుకు నొక్కితే బెల్టు బిగుసుకుంటాది, బండి పోతాది. వదిలితే బెల్టు వదులైపోయి ఆగతాది. భయమేసినా, కళ్లు తిరిగినా చెయ్యి జారతాది గదా. ఆగిపోతాది."

పద్మనాభయ్య తనే పదిసార్లు నొక్కి, వదిలి చూశాడు. "చైను మీద రేకు గూడా కప్పు. బట్ట చిక్కుకుంటాది."

మాల్యాద్రి రేకు కప్పాడు. దాని అంచులు కోసుకోకుండా ఆకురాయితో నున్నగా అరగదీశాడు. తన బిడ్డకైనా అంత శ్రద్ధగా చేసి ఉండడు.

బండిని పద్మనాభయ్య ఊరికి చేర్చిన తర్వాత, తీరిక చూసుకుని మాల్యాద్రి సైకిలెక్కి చూడబోయాడు. దోవలో జీళ్ల పొట్లం కట్టించుకున్నాడు. పద్మనాభయ్య కాలవ గట్టు మీద నిలబడి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పొలాలవైపు చూస్తున్నాడు.

"బండి యాడుండాది?"

"పొద్దున్నే పోయింది. ఎవురూ వెనకాల రాబాకండని ఒట్టు. ఇదే మొదటిసారి, తోడు లేకుండా."

ఎక్కడో సరుగుడు తోపుల అవతల ఇంజను చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ఇద్దరూ దాన్నే వింటూ నిలబడ్డారు. ఉన్నట్టుండి అది ఆగిపోయింది.

పద్మనాభయ్య ముఖం పాలిపోయింది. రెండడుగులు గట్టు దిగి, మళ్లీ ఆగాడు. "ఒట్టేసినాను మాల్యాద్రీ" అన్నాడు.

"నేనెయ్యలేదు" అంటూ మాల్యాద్రి సైకిలు తిప్పాడు. తొక్కబోయేంతలో అవతల టపటపమని చప్పుడు మొదలైంది.

"తాడు లాగినట్టుండాదండీ. చేతుల్లో సత్తువ వచ్చింది."

"రాకేం, పొద్దున రెండుసార్లు వడ్డించినాం." పద్మనాభయ్య గట్టు మీదే చతికిలబడి, పైపంచెతో కళ్లొత్తుకున్నాడు. రెండేళ్లుగా పట్టి ఉంచిన ఊపిరి అప్పుడు వదిలినట్టుంది.

సరుగుడు తోపు పక్క నుంచి బండి వచ్చింది. ఇసకలో ఒకచోట తడబడింది గాని దిగబడలేదు. సీటులో ఒక బక్కపలచని ఆకారం, దుమ్ము పడకుండా తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టుకుని, కర్ర మీద ముందుకు వంగి కూర్చుని ఉంది. దగ్గరకొచ్చి కర్ర వదలగానే బండి బుద్ధిగా ఆగింది. చుట్టూ దుమ్ము లేచింది.

మాల్యాద్రి జీళ్ల పొట్లం చేతిలోకి తీసుకుని, "బిడ్డ పేరేందండీ?" అన్నాడు.

"బిడ్డ కాదు మాల్యాద్రీ, మా అమ్మ."