పొడుగు చేతుల జాకెట్లు

అత్తగారు గుమ్మంలోకి వచ్చేలోపే ప్రియాంక ఎడమచేతి తొడుగు విప్పి, బీరువాలో చీరల అడుగున దాచేసింది.

రెండేళ్ల కిందట ఆమెకు ఎడమ రొమ్ములో కేన్సరని తేలింది. విజయవాడలో ఆపరేషన్ చేశారు. చంకలో బిళ్లలు కూడా తీసేశారు. తర్వాత మందులెక్కించారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. ఇక ఆ చెయ్యి జాగ్రత్త అన్నారు. నీరు చేరి వాచిపోవచ్చు, పగలంతా బిగుతు తొడుగు వేసుకోవాలి, వ్యాయామాలు మానకూడదు, ఆ చేతికి సూది గుచ్చనివ్వకూడదు, చిన్న గాయం కూడా కానివ్వకూడదు. ప్రియాంక అన్నీ పాటించింది. కొద్దిగా వాచిన చెయ్యి అదుపులోనే ఉంది.

కలిదిండిలో ఉండే అత్తగారు వెంకటనరసమ్మకు మాత్రం ఇదేదీ చెప్పలేదు. కొవ్వు గడ్డ తీశారన్నారు. జుట్టు ఊడిపోతే తిరుపతి మొక్కన్నారు.

చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఓసారి అన్నాల దగ్గర, పక్క వీధిలో ఎవరికో కేన్సరని ప్రియాంక భర్త కృష్ణబాబు అనబోతే ఆవిడ చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. ఆ పేరు నా ఇంట్లో వినపడకూడదంది. ఆ మొహం ప్రియాంక మర్చిపోలేదు. తన సంగతి తెలిస్తే ఆవిడ తన చేతి మంచినీళ్లయినా ముట్టదనుకుంది.

ఇప్పుడు కంటి ఆపరేషన్ కోసం ఆవిడ ఏలూరు వచ్చింది. పక్కనే వట్లూరులో కొడుకు ఇంట్లోనే నెల రోజుల మకాం.

వెంకటనరసమ్మ కుడికాలు బోదకాలని అందరికీ తెలుసు. కొల్లేటి పక్క ఊళ్లలో అదేం వింత కాదు. ఆవిడ రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో ఒత్తుకుని, కొబ్బరినూనె రాసి, తలగడ మీద ఎత్తి పెట్టుకునేది. వచ్చినవాళ్లందరి ముందూ అలాగే కూర్చునేది. ప్రియాంక మాత్రం పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుంది.

తొడుగు లేదు. వ్యాయామాలు లేవు. రెండు వారాలకే గాజులు బిగిసిపోయాయి. వేలితో నొక్కితే పడిన గుంట పడినట్టే ఉండేది. స్నానాల గదిలో తలుపు వేసుకుని ఆ గుంట కేసే చూస్తూ నిలబడేది. జబ్బు మళ్లీ వచ్చిందా? అడగడానికి కూడా భయమేసింది. కిందటిసారి డాక్టరు దగ్గర కృష్ణబాబు గోడ పట్టుకుని కింద కూర్చుండిపోవడం ఆమె చూసింది. అతనికీ చెప్పలేదు.

ఓ రోజు అత్తగారు జెల్లల పులుసు తినాలనుందంది. చేపలు బాగుచేస్తుంటే జెల్ల ముల్లు ప్రియాంక ఎడమచేతి బొటనవేలిలో దిగింది. చుక్క రక్తం. కడుక్కుని ఊరుకుంది.

మర్నాడు పొద్దున్న లేవలేకపోయింది. ఒళ్లు కాలిపోతోంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. చెయ్యి ఎర్రగా, నున్నగా, ఎవరిదో చెయ్యిలా ఉంది. కృష్ణబాబు అప్పటికే చేపల మేత లారీతో ముదినేపల్లి వెళ్లిపోయాడు. పక్కగదిలోంచి కాలీడ్చుకుంటూ వస్తున్న అడుగుల చప్పుడు. ప్రియాంక దుప్పటి మెడదాకా లాక్కుంది.

వెంకటనరసమ్మ దుప్పటి తీసింది. జాకెట్టు చెయ్యి పైకి జరపబోతే కదల్లేదు. కత్తెర తెచ్చి కుట్టు వెంట కత్తిరించింది. ఎరుపు మోచెయ్యి దాటి చంకదాకా పాకి ఉంది. జాకెట్టు విప్పేసరికి ఛాతీ మీంచి చంకలోకి ఆపరేషన్ గాటు కనిపించింది. ఆవిడ ఒక్క క్షణం ఆగిపోయింది.  వేరే జాకెట్టు వేసి ఆటో పిలిచింది.

ఆటోలో కోడలి చెయ్యి తన భుజం మీదకి ఎత్తి పట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా రోడ్డు కేసే చూసింది గానీ కోడలి మొహం చూడలేదు. ప్రియాంకకు జ్వరం కంటే దానికే ఎక్కువ భయమేసింది.

ఆసుపత్రిలో నర్సు బీపీ చూడ్డానికి ఎడమచేతికి పట్టీ చుట్టబోయింది.

“ఆ చేతికి వద్దమ్మా” అంది వెంకటనరసమ్మ. “పట్టీ అయినా సూదైనా కుడిచేతికే పెట్టండి. ఎడం పక్క చంకలో బిళ్లలు తీసేశారు.”

ప్రియాంక కళ్లు గట్టిగా మూసుకుంది. అంతా తెలిసిపోయింది.

డాక్టరు వచ్చి చూశాడు. గుచ్చుకున్నచోట చీము పట్టి చెయ్యంతా పాకిందన్నాడు. ఇంకో పూట ఆగుంటే రక్తంలోకి ఎక్కేదట. మందు సెలైన్లో ఎక్కిస్తామన్నాడు. వాపు తొడుగు మానేసినందువల్లేనని, జబ్బు తిరగబెట్టిన లక్షణాలేమీ తనకు కనిపించడం లేదని, అయినా ఒకసారి విజయవాడలో చూపించుకోమని చెప్పి వెళ్లాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. వెంకటనరసమ్మ దిండు మడిచి ప్రియాంక ఎడమచేతి కింద పెట్టింది. వేళ్లు గుండెకంటే ఎత్తులో ఉండేలా సర్దింది. గ్లాసులో నీళ్లు తాగించి, మిగిలినవి తను తాగేసింది.

ప్రియాంకకు ఏడుపు ఆగలేదు. “దాచినందుకు ఏమీ అనుకోకండి అత్తయ్యగారూ. ఆ పేరంటేనే మీకు పడదని... అసలు ఏ చేతికి సూది గుచ్చకూడదో మీకెవరు చెప్పారండీ?”

“మా వార్డులో నా పక్క మంచం ఆవిడకి చెబుతుంటే విన్నాను” అంది వెంకటనరసమ్మ.

“ఏ వార్డులో అండీ?”

ఆవిడ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. మంచం అంచున కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది.

“మీ మావయ్యకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు గానీ, నాది బోదకాలు కాదమ్మా, ఇరవై ఆరేళ్ల కిందట గర్భసంచి కేన్సరుకి గుంటూరులో కరెంటు పెట్టించుకున్నాక వచ్చిన వాపు.”