తగువుంటేనే పడవ

మా ఒడ్డు దేశం సమాఖ్య నుంచి బయటికొచ్చేసింది. అవతలి ఒడ్డు దేశం అందులోనే ఉండిపోయింది. మధ్యలో ఏటి మీద పడవని శాంతి నిధి నడుపుతోంది. తగువులున్న చోటికే ఆ నిధి ఇస్తారు. మాకేమో తగువుల్లేవు. అందుకని తనిఖీ యంత్రం వచ్చినప్పుడల్లా మా రేవులో నిలబడి తిట్టుకుంటాం. అటు తరఫున పడవలో వచ్చే నూకాలు వదిన, ఇటు తరఫున నేను. అయ్యాక వదిన తెచ్చిన పులిహోర అందరం తింటాం.

ఈసారి కొత్త యంత్రం పంపారు. నటిస్తే ఎర్రదీపం, నిజంగా తిట్టుకుంటే పచ్చదీపం. వలల గురించి అరిచాం, ఇసుక గురించి అరిచాం. ఎర్రదీపమే.

"ఇంకేదైనా అనవే. పడవ ఆగిపోతే మీ పిల్ల మా బడికెలా వస్తుంది?" అని గొణిగింది వదిన.

"సరిహద్దు మూసిన రోజు మా ఆయనకి గుండెనొప్పొచ్చింది. మీ ఆసుపత్రికి తీసుకెళ్దామని ఈ రేవులోంచే నిన్ను కేకేశాను. మీ పడవ ఒడ్డునే ఉంది. నువ్వు నన్ను చూసి, లోపలికెళ్లి తలుపేసుకున్నావు," అన్నాను. అరవలేదు కూడా.

"కాల్చేస్తారని భయమేసిందే," అంది వదిన.

పచ్చదీపం వెలిగింది. నిధి మంజూరైందని యంత్రం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పడవలోనే, మూత తియ్యని పులిహోర గిన్నె ఒళ్లో పెట్టుకుని, నూకాలు వదిన వెళ్లిపోయింది.