వినబడుతోందా అండి

“తలుపు కొట్టకయ్యా, చైతన్య మీటింగులో ఉన్నాడు,” అంటూ మేడ మెట్ల మీదే కొరియర్ అతణ్ణి ఆపింది ఇంటి యజమానురాలు శ్యామలాంబ. పై గదిలోంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

“రాజమండ్రి నుంచి వంతెన దాటి వచ్చానండి. ఒక్కసారి పిలవండి.”

“వారం నుంచి నాకే కనబడలేదు. టిఫిను గుమ్మంలో పెట్టి వచ్చేస్తున్నా. ఇంటి నుంచే ఉద్యోగం కదా, పొద్దస్తమానం ఆ కంప్యూటర్‌లో కబుర్లే. ఒంటరిగా ఉన్నాడన్న బెంగ లేదు నాకు.”

అతను చేతిలో కాగితం మరోసారి చూసుకున్నాడు.

“ఆ కంప్యూటరూ ఫోనూ పోయిన సోమవారం నేనే పట్టుకెళ్లానండి. ఉద్యోగం తీసేశారట, కంపెనీవి కంపెనీకి పంపేశారు. చార్జరు మర్చిపోయారని ఇవాళ మళ్లీ వచ్చాను.”

శ్యామలాంబ చేతిలోని పెసరట్టు పళ్లెం మెట్టు మీద పెట్టి, రెండు మెట్లు పైకెక్కింది.

లోపల మాటలు ఆగాయి. “అందరికీ నా మాట వినబడుతోందా అండి?” అని చైతన్య ఎంతో మర్యాదగా అడిగాడు.

మళ్లీ అడిగాడు. మూడోసారీ అడిగాడు.

ఆవిడ ఉండబట్టలేక తలుపు దగ్గరికి వెళ్లింది. “వినబడుతోంది బాబూ.”

“హమ్మయ్య, వచ్చారా!” అన్నాడు చైతన్య హుషారుగా. “మీ కోసమే అందరం ఆగామండి. ఇక మొదలుపెడదాం.”