పచ్చ వెలిగినా

"సిగ్నల్ పడింది," అన్నాడు గడియారాలాయన, స్కూటర్ తాళాలు మేకుకి తగిలిస్తూ.

"రోజూ మీకొక్కరికే పడుతుందా అండీ?" అంది భార్య.

రోడ్డు తవ్విన మాట నిజమే. ఒక పక్కే దారి వదిలి, పని అయ్యేదాకా అక్కడ సిగ్నల్ పెట్టిన మాటా నిజమే. కానీ పక్కింటాయన కూడా ఆ దారినే వస్తాడు. పొద్దుండగానే ఇంట్లో ఉంటాడు. ఈయన మాత్రం దీపాలు పెట్టే వేళకి గానీ రావడం లేదు.

పెళ్ళయిన నాటి నుంచీ ఆమె గీసిన గీత దాటని మనిషి. సిగరెట్లు మానమంటే మానాడు. వెనక గదికి తాళం వేసి ఇక ఆ ఊసెత్తొద్దంటే ఎత్తలేదు. అలాంటివాడి మీద అనుమానం రావడం ఆమెకే చిన్నతనంగా ఉంది. అయినా వచ్చింది, వచ్చింది ఇక పోవడం లేదు.

అసలు పట్టిచ్చింది క్యారియర్. "కూర ఇంకాస్త ఎక్కువ పెట్టు," అంటున్నాడు ఈమధ్య. పోనీ ఆకలేమో అనుకుంది. కానీ గిన్నెలు శుభ్రంగా కడిగి తెస్తున్నాడు. తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టని మనిషి గిన్నెలు కడుగుతాడా? ఇది ఆడచెయ్యే.

మర్నాడు సాయంత్రం ఆయన కొట్టు మూసి స్కూటరెక్కేసరికి ఆమె ఎదురుగా ఆటోలో ఉంది.

"ఆ స్కూటర్ వెనకాలే పోనివ్వు బాబూ."

ఆటో అతను అద్దంలోంచి ఆమెని ఓసారి చూసి పోనిచ్చాడు.

తవ్విన రోడ్డు దగ్గర సిగ్నల్ పచ్చగానే వెలుగుతోంది. స్కూటర్ మాత్రం పక్కకి జరిగి ఆగింది. వెనక వచ్చేవాళ్ళని ఆయనే చెయ్యూపి పంపిస్తున్నాడు.

"ఎర్రలైటుకి ఆగనివాళ్ళు బోలెడుమంది గానీ, పచ్చలైటుకి ఆగేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానమ్మా," అన్నాడు ఆటో అతను.

ఆమెకి నవ్వు రాలేదు.

ఎర్రలైటు పడింది. అప్పుడు స్కూటర్ మెల్లగా ముందుకొచ్చి, బటన్ నొక్కి సిగ్నల్ మార్చే అమ్మాయి పక్కన ఆగింది. నారింజరంగు కోటు, హెల్మెట్, దుమ్ముకి ముఖం నిండా చుట్టిన గుడ్డ. పడుచుపిల్ల అని ఆ నిలబడే తీరే చెబుతోంది. ఆయన క్యారియర్ తీసి ఆ అమ్మాయి చేతికిచ్చాడు. ఆ పిల్ల బళ్ళకి వీపు తిప్పి, గుడ్డ కిందికి లాగి, ఆవురావురుమంటూ తింటోంది. ఆయన నీళ్ళ సీసా మూత తీసి పట్టుకున్నాడు. కట్టుకున్నదానికి ఏనాడైనా అలా పట్టాడా?

వెనక హారన్లు మోగిపోతున్నాయి. ఎర్రలైటు మారితే కదా. మారిస్తే ఈయన వెళ్ళిపోడూ!

కాపురం కళ్ళముందే కూలిపోతున్నట్టనిపించింది ఆమెకి. ఆటో దిగింది. ఇద్దరినీ కలిపి నలుగురిలో దులిపెయ్యాలని విసవిసా నడిచింది. ఆయన చూశాడు. అటు తిరిగి గిన్నె కడుగుతున్న ఆ అమ్మాయి మాత్రం ఏమీ చూడకుండా మాట్లాడుతూనే ఉంది.

"ఇక పచ్చ నొక్కేస్తాను, వెళ్ళిపో నాన్నా, తను వండిన కూర నాకు పెడుతున్నావని తెలిస్తే అమ్మ నా గదికి వేసినట్టే నీ గదికీ తాళం వేసేస్తుంది."